గట్టు గొడవ ఢిల్లీ దాకా వెళ్తుందా?

బుజ్జీ, చిన్నీ,

మీ ఉత్తరం అందింది. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి "సుప్రీంకోర్టు దాకా వెళ్తా, వదిలేది లేదు" అని అరిచాడని, అలా వెళ్లొచ్చా తాతయ్యా అని అడిగారు. ముప్పై ఏళ్లు వకీలుగారి గుమాస్తాగా కోర్టు మెట్లు అరగదీసినవాణ్ణి. ఈ శపథం వారానికోసారైనా నా చెవిన పడేది.

ఆయన తగాదా మూడడుగుల గట్టు గురించి. అంత చిన్న దావా మొదట జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో పడుతుంది. మా తరం వాళ్లం దాన్నింకా మునసబు కోర్టనే అంటాం. సాక్షులు బోనెక్కేదీ, అడంగల్ (ఊరి భూముల రికార్డు) నకళ్లు చూపించేదీ ఇక్కడే. ఓడినవాడు మొదటి అప్పీలు వేసుకుంటే, పై జడ్జిగారు సాక్ష్యాన్ని కూడా మళ్లీ తూచి చూడొచ్చు.

అక్కడా ఓడితే హైకోర్టుకి రెండో అప్పీలు. దారి ఇరుకయ్యేది ఇక్కణ్ణించే. గట్టు ఎవరిదో హైకోర్టు మళ్లీ కొలిపించదు. చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే వింటుంది. సివిల్ దావాలు ఎలా నడపాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో నూరో సెక్షన్‌ని 1976లో అలా బిగించారు. "గట్టు మా తాతది" అంటే చాలదు. "రిజిస్టరు కాని పంపకాల కాగితాన్ని కింది కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చా?" అంటే, అదీ ప్రశ్న.

ఇక ఢిల్లీ. మా తాతల కాలంలో మద్రాసు హైకోర్టు తీర్పు మీద అప్పటి ఆఖరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కి వెళ్లేవారు. 1949లో ఆ దారి మూసేశారు. 1950 జనవరిలో సుప్రీంకోర్టు వచ్చింది. హైకోర్టే "ఇది పైకి వెళ్లదగ్గ కేసు" అని సర్టిఫికెట్ ఇస్తే అప్పీలు వేసుకోవచ్చు, కానీ అది అరుదు. ఎక్కువమంది పట్టుకునేది రాజ్యాంగం 136వ అధికరణం, స్పెషల్ లీవ్ పిటిషన్. లీవ్ అంటే మీ బడి సెలవు కాదర్రా, అనుమతి. అప్పీలు వేసుకోనివ్వండి అని ముందు అడగాలన్నమాట. హైకోర్టు తీర్పు వచ్చిన 90 రోజుల్లోపు దాఖలు చెయ్యాలి. వకీలు చేత వేయిస్తే, అక్కడ కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న అడ్వకేట్ ఆన్ రికార్డ్ అనే ప్రత్యేక వకీలు ద్వారానే వెయ్యాలి.

కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాలి. మా కేసొకదాంట్లో దస్తావేజులో "తూర్పున పుంత" అని ఉంటే, అనువాదం చేసిన కుర్రాడు దాన్ని కాలువ చేసేశాడు. పుంతంటే బండ్లబాట. బాటకి నీళ్లు పారించి ఢిల్లీ పంపితే ఏమయ్యేదో! టైపు కాగితాలు కుట్టబోతుంటే నా కంటపడింది. ఆ రాత్రి వకీలుగారు, నేను కూర్చుని హద్దులన్నీ మళ్లీ సరిచూశాం.

అక్కడ చాలా పిటిషన్లకి దక్కేది కొన్ని నిమిషాలే. "లీవ్ గ్రాంటెడ్" అంటే పిటిషన్ కాస్తా అప్పీలై కొత్త నంబరు తెచ్చుకుంటుంది. అసలు విచారణ అప్పుడు మొదలు. "డిస్మిస్డ్" అన్నారా, వాకిట్లోంచే వెనక్కి. పేపర్లవాళ్లు వెంటనే "హైకోర్టు తీర్పును సమర్థించిన సుప్రీం" అని రాసేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. కారణాలు చెప్పకుండా పిటిషన్ కొట్టేస్తే అనుమతి ఇవ్వలేదని మాత్రమే అర్థం, హైకోర్టు తీర్పు మీద సుప్రీం ముద్ర పడ్డట్టు కాదు. కేరళ అటవీ భూముల కేసొకదాంట్లో 2000లో ఆ కోర్టే ఈ మాట విడమరిచి చెప్పింది.

అడగకుండానే లోపలికి వెళ్లే కేసులూ ఉన్నాయి. కింది కోర్టు వదిలేసిన మనిషికి హైకోర్టు ఉరిశిక్ష వేసిందనుకోండి, అతనికి అప్పీలు హక్కు. ప్రాథమిక హక్కుకి భంగం కలిగితే 32వ అధికరణం కింద నేరుగా వెళ్లొచ్చు. మీ పుస్తకంలో ఉండే కేశవానంద భారతి కేసు అలా వచ్చిందే, అప్పీలు కాదు.

ఇంతకీ పక్కింటాయన దగ్గర పంపకాల కాగితం ఉందా? ఉంటే రిజిస్టరైందో లేదో కనుక్కుని రాయండి. ఆయన అరుపు చల్లారాకే అడగండి.

మీ తాతయ్య