కార్డులో శకుని పాచికలు

ఆఫీసు తలుపు తెరిచే కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు వెదజల్లే 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రంలోకి రాగానే, అంచు వెంబడి చుట్టిన సన్నటి తీగలో కరెంటు పుడుతుంది. దాంతో మేలుకొన్న చిప్పు ముందుగా తన నంబరు చెబుతుంది. ఎవరడిగినా చెబుతుంది. చాలా తలుపులు ఆ నంబరు చూసే తెరుచుకుంటాయి. పేరు చెప్పిన ప్రతివాణ్ణీ లోపలికి పంపే వాచ్‌మన్‌కీ దీనికీ తేడా లేదు. మనకు కావలసిన నంబరు రాసుకునే ఖాళీ కార్డులు కొనడానికి దొరుకుతూనే ఉన్నాయి మరి.

మైఫేర్ క్లాసిక్ అనే రకం కార్డుకు ఇంతకన్నా తెలివి ఉంది. దాని 1కె రకంలో 16 సెక్టార్లు, అంటే మెమరీలో విడివిడి అరలు, ఒక్కోదానికి 48 బిట్ల తాళంచెవులు రెండేసి. తాళంచెవి గాల్లోకి రాదు. కార్డు ఒక అంకె విసురుతుంది. తాళంచెవి తెలిసిన రీడరే దానికి సరైన జవాబివ్వగలదు. అంకె ప్రతిసారీ మారుతుంది గనక నిన్న దొంగచాటుగా విన్న జవాబు ఇవాళ చెల్లదు.

చెల్లకూడదు. కానీ 32 బిట్ల ఆ అంకె పుట్టేది చిప్పులో అంకెలు నిలవుండే 16 బిట్ల రిజిస్టరులోంచి. వచ్చేవి 65,535 విలువలే. పైగా కరెంటు అందిన ప్రతిసారీ లెక్క ఒకే చోట మొదలవుతుంది. కరెంటు ఆపి, మళ్లీ ఇచ్చి, సరిగ్గా అంతే వ్యవధిలో అడిగితే అదే అంకె! శకుని పాచికల్లా అడిగినవాడు కోరిన పందెమే పడుతుంది. 2007 డిసెంబరులో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ చిప్పును పొర పొరగా అరగదీసి, ఫొటోలు తీసి, ఈ గుట్టు బయటపెట్టారు. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో మిగతాది తేల్చారు. ప్రచురణ ఆపమని తయారీదారు ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకెళ్లినా ఫలితం దక్కలేదు.

ఇన్‌స్టాల్ చేసేవాళ్ల బద్ధకం ఇంకో దెబ్బ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పన్నెండు 'ఎఫ్'ల తాళంచెవిని ఒక్క సెక్టారులో వదిలేసినా చాలు, దాన్ని పట్టుకొని మిగతావన్నీ లాగేయొచ్చు.

అందుకే ఏఈఎస్ అనే గట్టి గుప్తలిపి పద్ధతి ఉన్న డెస్‌ఫైర్ లాంటి కార్డులే పెట్టాలి. తాళంచెవి కూడా అందరికీ ఒకటే కాకుండా, మూల తాళంచెవినీ కార్డు నంబరునూ కలిపి కార్డుకొకటి చొప్పున తయారుచేయాలి. అప్పుడు ఒక కార్డు పోతే ఆ ఒక్కటే పోతుంది.

నంబరును బట్టి మనిషి జాడ తీయడం వేరే బెడద. డెస్‌ఫైర్‌లో దీనికో సెట్టింగు ఉంది: కార్డు ప్రతిసారీ 08తో మొదలయ్యే కొత్త నంబరు చెప్పి, తాళంచెవి రుజువయ్యాకే అసలుది ఇస్తుంది. ఇలాంటి కార్డులు చదవగలిగే ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోనులో నంబరు చూపే యాప్ తెరిచి, మీ కార్డు రెండుసార్లు తాకించి చూడండి, నంబరు మారుతోందో లేదో తెలిసిపోతుంది. నంబరు మాత్రమే చూసే తలుపు దగ్గర మాత్రం ఈ సెట్టింగు పెడితే ఉద్యోగులంతా బయటే నిలబడాలి.