ఉల్లికోడు: రకం నిలబడిన చోటే పురుగు మారింది

నాట్లు ఆలస్యమైన ఖరీఫ్‌లో వరంగల్, కరీంనగర్ వైపు వరి రైతుల ప్రశ్న ఒకటే: ఉల్లికోడు పురుగుకు మందు వేశాం కదా, పిలకలు ఉల్లి ఆకుల్లా గొట్టాలవడం ఎందుకు ఆగలేదు? గొట్టం కంటబడేసరికి మందు అదను దాటిపోతుంది మరి.

ఎర్రటి పొట్టతో, దోమ పరిమాణంలో ఉండే ఉల్లికోడు ఈగ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లపురుగు బయటికొచ్చి, ఆకు తొడుగుల సందుల్లో పాకుతూ పిలక మొదట్లోని అంకురానికి చేరుతుంది. ముసురు పట్టి మొక్క తడిగా ఉంటేనే అది అంతదూరం వెళ్లగలదు. దాని లాలాజలం తగిలాక కంకి వేయాల్సిన అంకురం అక్కడితో ఆగిపోతుంది, ఆకు తొడుగు బోలు గొట్టంగా సాగుతుంది. గొట్టం పైకి తేలే నాటికి పురుగు దాదాపు కోశస్థ దశలో, అంటే ఈగగా మారే ముందు దశలో, ఉంటుంది. కొన దగ్గర రంధ్రంలో ఖాళీ కోశం వేలాడుతుంటే ఈగ ఎగిరిపోయినట్టే.

ఈ పురుగుకు 1889లో శాస్త్రీయ నామం పెట్టినవాడు జేమ్స్ ఉడ్-మేసన్. మందులతో లొంగకపోవడంతో తట్టుకునే వరి రకాల మీద దృష్టి పడింది. ఈశ్వరకోర అనే రకాన్ని ఎంటీయూ 15తో సంకరపరిచి డబ్ల్యూ 1263 తీశారు. థాయిలాండ్ రకం సియామ్ 29ని ఐఆర్ 8తో కలిపి తెచ్చిన సురేఖ, ఫల్గుణ 1970లలో రైతులకు అందాయి. ఫల్గుణలో పురుగు చేరిన చోట కణజాలం గోధుమరంగుకు మాడి, దాంతోపాటు పురుగూ చస్తుంది. డబ్ల్యూ 1263లో మొక్క మాడదు, పురుగు మాత్రం చస్తుంది.

1986 ప్రాంతంలో శ్రీకాకుళం జిల్లాలో ఫల్గుణ పొలాల్లోనే గొట్టాలు లేచాయి. అది బయోటైప్ 4, అంటే పైకి ఒకేలా ఉన్నా తట్టుకునే రకాలను దాటడంలో తేడా ఉన్న పురుగు తెగల్లో నాలుగోది. ఫల్గుణ బలమంతా జీఎం2 అనే ఒక్క జన్యువు మీద ఉంది. దాన్ని దాటే లక్షణం పురుగు ఎక్స్ క్రోమోజోమ్ మీద అంతర్గతంగా, అంటే రెండు ప్రతుల్లోనూ ఉంటేనే బయటపడేలా, ఉంటుంది. మగ ఈగకు ఎక్స్ ఒక్కటే కాబట్టి అందులో అది దాగి ఉండదు. ఒకే రకం ఊళ్లకు ఊళ్లు పరుచుకున్న చోట అలాంటి పురుగులే మిగిలి పెరుగుతాయి. ఇప్పటికి దేశంలో ఏడు బయోటైపులు గుర్తించారు, వరంగల్‌ది 4ఎం. అందుకే ఒక జిల్లాలో నిలబడిన రకాన్ని అక్కడి బయోటైప్ చూడకుండా ఇంకో జిల్లాకు సిఫారసు చేయడం తప్పు. ఇక మార్కెట్‌కు ఇష్టమైన సాంబ మసూరికి, అంటే బీపీటీ 5204కు, ఈ పురుగును తట్టుకునే గుణం అసలే లేదు.

అలాంటి రకం వేస్తే నారుమడిలోనే మొదలుపెట్టాలి. నారు తీయడానికి 5 రోజుల ముందు సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యురాన్ 3జి గుళికలు చల్లాలి. నాటిన 10–15 రోజుల్లో ఎకరాకు 10 కిలోలు పలుచగా నీరు నిలిపి వేయాలి. నీరు పారుతుంటే మందు కొట్టుకుపోతుంది, మడి ఎండితే వేళ్లకు అందదు. పిలక దశలో 5 శాతం పిలకలకు గొట్టాలు కనిపిస్తే ఉధృతి హద్దు దాటినట్టు లెక్క.

గొట్టాలు చూసి హడావిడిగా పిచికారీ చేస్తే నష్టం రెండింతలు. ప్లాటిగాస్టర్ ఒరైజే అనే చిన్న కందిరీగ ఉల్లికోడు పురుగు లోపలే పెరిగి దాన్ని చంపుతుంది. పోయిన పిలక తిరిగి రాకపోయినా తర్వాతి తరం ఈగలు తగ్గుతాయి. గొట్టం లోపలి పురుగుకు ఆ మందు తగలదు, బయటికొచ్చే కందిరీగలే చస్తాయి.