చిన్న పెయింట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

పెయింట్‌బాల్ అంటే గ్యాస్ గన్‌లతో రంగు నింపిన బాల్స్ కాల్చుకునే ఆట, బాల్ తగిలి పగిలి రంగు అంటితే అవుట్. బరంపురం దగ్గర మా గ్రౌండ్‌లో పాత 0.68 గన్‌ల పక్కన 0.50 గన్‌లు కూడా పెట్టాం. అప్పటి నుంచి మనవాళ్లు "అన్నా" అంటూ, ఒడియా కుర్రాళ్లు "భాయినా" అంటూ అడిగేవి ఇవే. ఆ అంకెలు బాల్ అడ్డుకొలతలు, అంగుళాల్లో.

అపోహ: చిన్న బాల్ పిల్లలది, తగిలినా తెలియదు.

దెబ్బ తగ్గే మాట నిజం. పెద్ద బాల్ సుమారు 3 గ్రాములు, చిన్నది 1.2 గ్రాములకు అటూఇటూ. రెండూ సెకనుకు 280 అడుగుల వేగంతో బయల్దేరితే పెద్దదానికి 11 జౌల్స్ దాకా శక్తి ఉంటుంది, చిన్నదానికి నాలుగున్నర లోపే. అందుకే స్కూలు పిల్లలకు, మొదటిసారి వచ్చేవాళ్లకు ఇదే ఇస్తాను. అలాగని దగ్గర్నుంచి పల్చటి టీషర్టు మీద తగిలితే చురుక్కుమనకుండా ఉండదు, చర్మం కందిపోతుంది. కన్ను పోవడానికైతే చిన్న బాల్ చాలు. చెమట పడుతోందని ఆట మధ్యలో మాస్క్ ఎత్తితే బయట కూర్చోబెడతాను, మా బావమరిదైనా సరే.

అపోహ: గన్ అదే ఉంచి బాల్ మార్చుకుంటే చాలు.

కుదరదు. పెద్ద బ్యారెల్‌లో, అంటే గన్ గొట్టంలో, చిన్న బాల్ నిలవదు, ముందుకు జారి నేల మీద పడుతుంది. నిలిచినా గ్యాస్ పక్కల నుంచి పోతుంది. బ్యారెల్, బాల్‌ను అందులోకి తోసే బోల్ట్, బాల్ దిగే దారి అన్నీ ఆ సైజువే కావాలి.

అపోహ: తేలిక కాబట్టి ఎక్కువ దూరం పోతుంది.

అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. జరిగేది దీనికి తలకిందులు. చిన్న బాల్ బరువు పెద్దదానిలో 40 శాతమే, కానీ గాలికి ఎదురయ్యే ముఖం 54 శాతం. అంటే బరువు తగ్గినంతగా గాలి అడ్డు తగ్గలేదు, వేగం త్వరగా పడిపోతుంది. మధ్యాహ్నం గోపాల్‌పూర్ తీరం వైపు నుంచి సముద్రపు గాలి మొదలైతే పక్కకు కూడా ఎక్కువ కొట్టుకుపోతుంది. దూరం నుంచి నెమ్మదిగా వచ్చిన బాల్ వదులు ప్యాంటుకు తగిలి పగలకుండా కింద పడుతుంది. పగలకపోతే అవుట్ కాదు. ఇక "తగిలింది", "రంగేదీ" అని గొడవ! రెండు సైజులు కలిపి ఒకే ఆట ఆడించకపోవడానికి ఇదే కారణం. చిన్న బాల్ ఆటకు అడ్డుగోడలు దగ్గర దగ్గరగా పెడతాను. అలా ఆడితే దీని మజా దీనికి ఉంది, ఎక్కువ పరుగు, ఎక్కువ ముఖాముఖి.

"అయితే స్పీడ్ పెంచు" అంటారు. 280ని 300 చేస్తే దెబ్బలో శక్తి 15 శాతం పెరుగుతుంది, దూరం మాత్రం ఆశించినంత పెరగదు. బాల్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో చూసి పెట్టిన స్పీడ్‌ను ఆట మధ్యలో ముట్టుకోనివ్వను.

అపోహ: ఖర్చు సగమవుతుంది.

గన్ మీద బాల్స్ పోసే డబ్బా హాపర్. అదే హాపర్‌లో దాదాపు రెండున్నర రెట్లు బాల్స్ పడతాయి, ఒక్కో షాట్‌కు గ్యాస్ కూడా తక్కువే. కానీ హాపర్ నిండుగా కనిపిస్తే వేలు ఊరుకోదు కదా, ఎక్కువ కాల్చేస్తారు.

అపోహ: వానాకాలంలో పగలనిది చిన్న బాల్ నాసిరకం కాబట్టే.

రెండు సైజుల తొడుగూ జెలటిన్‌దే. మన తేమకు అది మెత్తబడి సాగుతుంది, గన్‌లో ఇరుక్కుంటుంది, తగిలినా పగలదు. ఎండలో కారు డిక్కీలో పెట్టినా పాడే. విప్పిన ప్యాకెట్‌ను ఆ రోజే అవగొట్టండి.