డార్ట్‌మూర్ మేత తగాదా: వందేళ్ల కిందటి వేసవి లెక్క

ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ కొండబీళ్ల మీద మందలు తగ్గించాలని 2023లో ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ అడిగేసరికి రైతులు భగ్గుమన్నారు. గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. చివరికి డేవిడ్ ఫర్స్‌డన్ నాయకత్వంలో స్వతంత్ర సమీక్ష వేశారు. తాతల నాటి నుంచీ మేపుకుంటున్నామన్నది రైతుల మాట. నిజమే, కాకపోతే తాతలు మేపిన తీరు వేరు.

ఏడో ఎడ్వర్డ్ రాజ్యం (1901–10) నాటికి అమెరికా గోధుమలు దిగి ఇంగ్లండ్‌లో ధాన్యం ధర ఎప్పుడో పడిపోయింది. రైతుకు పశువులే దిక్కు. చలికాలానికి ఎండుగడ్డి కావాలంటే ఇంటి దగ్గరి పచ్చిక బయళ్లను వేసవిలో మేపకుండా వదలాలి. అందుకే మే నెలలో పశువుల్ని కొండకు తోలి, చలి మొదలవగానే దించేవారు. నడిమి బీడు యువరాజు ఎస్టేటు డచీ ఆఫ్ కార్న్‌వాల్‌ది. అక్కడ 'మూర్‌మెన్' అనే కాపరులు పల్లపు ఊళ్ల పశువుల్ని తలకింత పుల్లరికి చేర్చుకునేవారు. పుల్లరి సంగతి పల్నాడు వాళ్లకు వేరే చెప్పాలా! దొంగమేత పట్టడానికి ముందు చెప్పకుండా ఒకరోజు కొమ్ము ఊది, బీడంతా గాలించి మందల్ని ఒకచోటికి తోలేవారు. చెవికోత గుర్తును బట్టి ఏది ఎవరిదో తేల్చేవారు.

మేత ఒక్కటే కాదు. మొక్కలు కుళ్లి ఏర్పడ్డ పీట్ మట్టిని ఇటుకల్లా కోసి ఎండబెడితే ఏడాదికి సరిపడా వంటచెరకు. ఆడవాళ్లూ పిల్లలూ బిల్‌బెర్రీ పళ్లు కోసి అమ్మేవారు. బొగ్గు బండ్లు లాగడానికి పొట్టి గుర్రాలకు గనుల్లో గిరాకీ. ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను గని లోపలి పనికి పెట్టకూడదని 1842లో చట్టం వచ్చాక ఆ గిరాకీ పెరిగింది. ఇంకా పొట్టివి పుట్టాలని షెట్లాండ్ అనే పొట్టి జాతి పోతుల్ని తెచ్చి దాటించారు కూడా.

ఇంతకీ మందకు హద్దు ఏది? సొంత పొలం గడ్డితో చలికాలమంతా ఎన్నిటిని సాకగలరో, ఉమ్మడి బీటిపైకి అన్నే తోలాలన్నది పాత కట్టు. చలిని తట్టుకునే గాలోవే పశువులూ స్కాటిష్ గొర్రెలూ ఏడాది పొడవునా కొండమీదే ఉండిపోవడంతో అది సడలింది. 1965 నాటి ఉమ్మడి భూముల నమోదు చట్టం కింద హక్కులు నమోదయ్యాయి, సంఖ్యలు కాగితం మీదికెక్కాయి. తలకింత అని ఇచ్చిన సబ్సిడీతో గొర్రెలు ఇంకా పెరిగాయి.

2023 డిసెంబరులో వచ్చిన ఫర్స్‌డన్ నివేదిక చలికాలపు గొర్రెల మేతను తప్పుబట్టింది. బీడును కమ్మేస్తున్న మొలీనియా గడ్డి ముదిరితే పశువు ముట్టదు కాబట్టి, వేసవిలో మాత్రం ఆవులూ గుర్రాలూ మరిన్ని కావాలంది.