లైటు పెంచితే చేపకు రంగు రాదు మాస్టారూ

బరంపురంలో అక్వేరియం కొట్టు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ఫిర్యాదు ఒక్కటే: "మీ కొట్లో మెరిసిన చేప మా ఇంటికొచ్చాక వెలిసిపోయింది." ఒడియా వాళ్లు "భాయినా" అని మొదలుపెడతారు, మనవాళ్లు "బాబూ" అని మొదలుపెడతారు, తర్వాత మాట మాత్రం అదే. ఆ వెంటనే, "ఇంకాస్త పెద్ద లైటుందా?"

మొన్న ఇచ్ఛాపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఎనిమిది నియాన్ టెట్రాలు, అంటే నీలం గీత, ఎర్ర తోక ఉండే చిన్న చేపలు, తీసుకెళ్లి మూడు వారాలైంది. ఫోన్‌లో ఫొటో చూపించారు. రెండడుగుల తొట్టి. పైన రెండు ఎల్ఈడీలు, కలిపి 36 వాట్లు. అడుగున మల్లెపూలు పరిచినట్టు తెల్ల గులకరాళ్లు. వెనక తెల్ల సున్నం గోడ. మొక్క లేదు, చాటు లేదు. చేపలన్నీ ఫిల్టరు వెనక మూలకు నక్కి ఉన్నాయి. ఎర్ర తోకలు ఉతికి ఆరేసినట్టున్నాయి. "మా అల్లుడు యూట్యూబ్‌లో చూశాడట. యాభై వాట్లది పెడితే రంగు తేలుతుందన్నాడు" అన్నారాయన.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువైతే రంగు అంత ఎక్కువ.

జనం చేత ఎక్కువ డబ్బు తగలేయించేది ఇదే, చేపలను పోగొట్టేదీ ఇదే. చేప చర్మంలో రంగు కణాలుంటాయి. కణం లోపల రంగు రేణువులు పరుచుకుంటే చేప ముదురుగా కనిపిస్తుంది, అవన్నీ మధ్యకు ముడుచుకుంటే పాలిపోతుంది. పైనుంచి ఎంత వెలుగు పడుతోంది, కింది నేల నుంచి ఎంత తిరిగొస్తోంది అన్నది చేప కన్ను పోల్చుకుంటుంది. కింద తెల్ల రాళ్లుంటే తెల్లటి ఇసుక మీద ఉన్నానన్నట్టే దాని ఒళ్లు నడుచుకుంటుంది. అక్కడ ముదురుగా కనిపిస్తే కొంగ ఎత్తుకుపోతుంది కదా, అందుకే రంగు దాచుకుంటుంది. మాస్టారి తొట్టిలో కొంగ లేదన్న సంగతి చేపకు తెలియదు.

దానికి తోడు భయం. నియాన్‌ల సొంతూరు అమెజాన్ అడవిలోని చిన్న వాగులు. చెట్ల నీడ, రాలిన ఆకులు నానిన టీ రంగు నీళ్లు. అలాంటి చేపను స్టేడియం లైట్ల కింద నిలబెడితే మూలకు నక్కడం తప్ప ఏం చేస్తుంది? భయపడ్డ చేప తిండి తగ్గిస్తుంది, జబ్బున పడుతుంది. ఈలోగా ఆ వెలుగంతా తినేది నాచు. అద్దం పచ్చబడుతుంది, అప్పుడు నాచు మందు కోసం మళ్లీ నా దగ్గరికే వస్తారు. లైటుకు డబ్బు, మందుకు డబ్బు, ఆనక కొత్త చేపలకు డబ్బు.

మాస్టారికి నేను అమ్మింది ఒక నల్ల చార్టు, అదీ పక్కనున్న పుస్తకాల షాపులోంచి తెప్పించి. తొట్టి వెనక అద్దానికి బయటివైపు అంటించమన్నాను. తెల్ల రాళ్లు తీసేసి ముదురు రంగు కంకర వేయమన్నాను. ఒక లైటు తీసేయమన్నాను. మొక్కలు పెంచని రెండడుగుల తొట్టికి ఎనిమిది, పది వాట్ల ఎల్ఈడీ చాలు. ఉన్న ఒక్క లైటునూ వెనక గోడ వైపు కాకుండా ముందు అద్దం వైపు జరపమన్నాను. మన కంటికి కనిపించేది చేప మనవైపు తిప్పిన పక్క. లైటు వెనక నుంచి పడితే ఆ పక్క నీడలో ఉంటుంది, వీధి దీపానికి వీపు పెట్టి నిలబడ్డ మనిషి ముఖంలాగా. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా పది ఇళ్లకు వెళితే తొమ్మిదింట్లో లైటు వెనకే ఉంటుంది.

అపోహ: ఎల్ఈడీ అంటే ఎల్ఈడీయే, వాట్లు చూసుకుంటే చాలు.

మన బరంపురం పట్టు కొనేటప్పుడు ఆడవాళ్లు ఏం చేస్తారు? చీర మడత విప్పి గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూస్తారు. షాపులో వంకాయ రంగనుకున్నది బయట ఇంకేదో రంగు కావచ్చని వాళ్లకు తెలుసు. చేప విషయంలో మాత్రం ఆ తెలివి ఎవరూ వాడరు. లైటు డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది. వస్తువు రంగును ఆ లైటు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది, గరిష్ఠం 100. 90 పైన ఉంటే తీసుకోండి. చవక లైట్లలో అది 70, 80 దగ్గర ఆగిపోతుంది, అందులోనూ ముందు దెబ్బ తినేది ఎరుపు. డబ్బా మీద అంకె లేదా? లైటు వెలిగించి కింద మీ అరచెయ్యి పెట్టండి, పక్కన కుంకుమ భరిణె పెట్టండి. చెయ్యి జ్వరం పడి లేచినట్టు బూడిదగా, కుంకుమ ఇటుక పొడిలా కనిపిస్తే ఆ లైటు కింద గోల్డ్ ఫిష్ కూడా అలాగే ఉంటుంది.

ఇక కెల్విన్, వెలుగు పసుపు వైపుందా నీలం వైపుందా అని చెప్పే అంకె. ఇంట్లో రకరకాల చేపలుంటే 6500, పగటి వెలుగు లాంటిది. నీలం చేపల కోసం 8000, 10000 దాకా వెళ్లొచ్చు, కానీ ఎర్ర చేపలు చల్లబడిపోతాయి. దీని గురించి అంతకంటే టెన్షన్ అక్కర్లేదు.

అపోహ: షాపు లైటు లాంటిది కొంటే షాపు రంగు వస్తుంది.

ఒప్పుకుంటాను, ఒకప్పుడు నా కొట్లో కూడా ఫ్లవర్‌హార్న్ అనే చేపల మీద గులాబీ రంగు ట్యూబు ఉండేది. మాంసం కొట్టువాడు ఎర్ర బల్బు వేలాడదీసినట్టే. ఒకావిడ మూడు వేలు పెట్టి చేపను కొని, ఇంటికెళ్లి చూసి, సాయంత్రానికి మళ్లీ వచ్చింది. తిట్టలేదు. "తమ్ముడూ, ఇది అదే చేపేనా?" అని అడిగింది. అంతే, ఆ రాత్రి ట్యూబు పీకేశాను. ఇప్పుడు ఎవరైనా ఖరీదైన చేప అడిగితే ముందు మామూలు తెల్ల లైటు కింద చూపిస్తాను. మీరూ ఎక్కడైనా అలాగే అడగండి. మీ ఫోన్ టార్చి వేసి చూసినా సరే, ఒక్క క్షణం చాలు.

నీలం లైటు కింద నియాన్ బోర్డులా వెలిగే గ్లో చేపల సంగతి వేరు. వాటిలో జెల్లీ ఫిష్ లాంటి జీవుల జన్యువు పెట్టారు, అది లైటు మహిమ కాదు. సూదితో రంగు ఎక్కించిన చేపలు కూడా అమ్ముతారు. ఆ రంగు కొన్ని నెలల్లో పోతుంది, ఏ లైటూ వెనక్కి తేలేదు. కొనకండి.

అపోహ: రాత్రి లైటు ఆపితే చేపకు మంచిది కాదు, ఇంటికీ మంచిది కాదు.

ఇంటి సంగతి వాస్తు పంతులుగారిని అడగండి. చేపకు కనురెప్పలు లేవు, చీకటే దానికి దుప్పటి. రోజుకు ఎనిమిది గంటల వెలుగు చాలు, ఒక టైమర్ పెట్టేయండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దసరా రోజులు. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. నాకు ఇరవై తొట్లు. లైటు లేక ఒక్క చేప కూడా చావలేదు. చచ్చినవి గాలిపంపులు ఆగి, ఊపిరాడక చచ్చాయి. నేనూ మా తమ్ముడూ వంతులేసుకుని మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాం. కరెంటు వచ్చింది రాత్రిపూట. లైటు వేసేసరికి నియాన్‌లు మట్టి రంగులో ఉన్నాయి. మేం స్టవ్ మీద టీ పెట్టుకుని తాగేలోపు నీలం గీతలు వచ్చేశాయి. ఆ గీతలో నీలం రంగన్నదే లేదు, చర్మ కణాల్లోని సన్నటి పలకలు వెలుగును విరిచి చూపిస్తాయి. చీకట్లో ఆ పలకల అమరిక మారుతుంది, గీత చచ్చుబడుతుంది. కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి లైటు వేసి చూసి, చేప చచ్చిపోతోందని నాకు ఫోన్ చేయకండి. పావుగంట ఆగండి. ముందు గది లైటు వేసి, కాసేపాగి తొట్టి లైటు వేస్తే అవి ఉలిక్కిపడవు కూడా.

మిగిలినవి రెండు ముక్కల్లో. ఎరుపు, నారింజ రంగులకు మూలం తిండి. ఆ రంగు పదార్థాలను చేప సొంతంగా తయారుచేసుకోలేదు, రొయ్య పొడి, స్పిరులినా ఉన్న మేత వేయండి. నీళ్లలో ముంచే లైటుకు పగులు కనిపిస్తే పారేయండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయండి.

రెండు వారాల తర్వాత మాస్టారు ఫోన్ చేశారు. చేపలు గుంపు కట్టి ముందుకొచ్చి తిరుగుతున్నాయట, మనవరాలు అద్దం వదలడం లేదట. "అంతా బాగుంది గానీ బాబూ, తీసేసిన ఆ రెండో లైటు వాపసు తీసుకుంటావా?"

"అది నా దగ్గర కొన్నది కాదు మాస్టారూ. మీ అల్లుడిగారిని అడగండి."