లోన్ పెయిర్ వేయకపోతే ఏం పోతుంది సార్?

కావలిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తుంటాను. రసాయన బంధం పాఠం మొదలైందంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటే మాట: "లోన్ పెయిర్లు వేయకపోయినా మార్కులు వేస్తారంట సార్." ఎవరన్నారయ్యా అంటే, సీనియర్లు! లోన్ పెయిర్ అంటే బంధంలో చేరకుండా ఒకే పరమాణువు మీద ఉండిపోయే ఎలక్ట్రాన్ల జంట, బొమ్మలో రెండు చుక్కలు.

అపోహ: బంధాలు గీస్తే చాలు, చుక్కలు ఉన్నా లేకున్నా ఒకటే.

వాస్తవం: 1916లో గిల్బర్ట్ లూయిస్ పెట్టిన పద్ధతే ఆ చుక్కల లెక్క. మిథనాల్ చూడండి. కార్బన్‌వి 4, హైడ్రోజన్లవి 4, ఆక్సిజన్‌వి 6, మొత్తం 14 వేలన్సీ ఎలక్ట్రాన్లు, అంటే బయటి కక్ష్యలోవి. బంధానికి రెండు చొప్పున ఐదు బంధాలకు 10 పోయాయి. మిగిలిన 4 ఆక్సిజన్ మీద రెండు జంటలు. అవి వేయని పిల్లవాడికి ఆక్సిజన్ చుట్టూ నాలుగే కనపడతాయి. అష్టకం (చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లు) నిండలేదని కంగారుపడి కార్బన్‌తో ఇంకో బంధం కలిపేస్తాడు. ఇప్పుడు కార్బన్‌కు ఐదు బంధాలు!

పుస్తకంలో కూడా వేయలేదు గదా అంటారు. నిజమే. చదివేవాళ్లకు తెలుసులే అని వదిలేస్తారు. ముందు మీకు తెలియాలి గదా.

బిట్రగుంట నుంచి వచ్చే ఒకమ్మాయి, మిథైల్ అమీన్‌కు ఆమ్లం కలిపితే ప్రోటాన్ (హెచ్ ప్లస్) ఎక్కడ చేరుతుందంటే కార్బన్‌కు తగిలించింది. వాళ్ల నాన్న ఫోన్ చేసి, "బైపీసీ ఎక్కేట్టు లేదు సార్, సీఈసీకి మార్చేదా?" అన్నాడు. పాపం, గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. పేపర్ తీసి చూశాను. పైన 14 అని సరిగ్గానే రాసుకుంది, ఆరు బంధాలకు 12 వాడింది, మిగతా 2 ఊసే లేదు. నైట్రోజన్ మీద రెండు చుక్కలు పెట్టించాక ప్రోటాన్‌ను తనే ఆ జంట దగ్గరికి చేర్చింది. దానికి గ్రూపు మార్చడమెందుకు?

ఇంకో పుకారు, నైట్రోమీథేన్‌లో నైట్రోజన్‌కు ఐదు బంధాలు వేయొచ్చని. ఆవర్తన పట్టికలో రెండో పీరియడ్ మూలకం, చుట్టూ ఎనిమిది ఎలక్ట్రాన్లు దాటదు. ఒక ఆక్సిజన్‌తో ద్విబంధం, ఇంకోదానితో ఏకబంధం. నైట్రోజన్ మీద ప్లస్, ఏకబంధపు ఆక్సిజన్ మీద మైనస్. రెజొనెన్స్ (ఒకే అణువుకు ఒకటికి మించి చుక్కల బొమ్మలు గీయగలగడం) అంటే అణువు అటూ ఇటూ గెంతడమన్నది కూడా ఉత్తదే, అక్కడ రెండు ఎన్-ఓ బంధాల పొడవూ ఒకటే. హెచ్‌సీహెచ్‌ఓ అని రాశారని ఫార్మాల్డిహైడ్‌ను అదే వరుసలో గీయకండి, రెండు హైడ్రోజన్లూ కార్బన్‌కే. మీథేన్ కాగితం మీద ప్లస్ గుర్తులా ఉన్నా అసలు కోణం 109.5 డిగ్రీలు.

ఈ రాత్రికి అసిటిక్ ఆమ్లం గీయండి. మొత్తం 24, బంధాలకు 16. మిగతా 8 రెండు ఆక్సిజన్ల మీద చెరి రెండు జంటలుగా పడాలి. పడకపోతే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి.