షెడ్డు నీడలో ఆగని బండి

మా బాబాయి వ్యాన్ ఒక్కసారి కూడా మెకానిక్ షెడ్డులో ఆగలేదు. ఆగడమంటూ జరిగితే ఇందుకూరుపేట దాటాక, రొయ్యల గుంటల మధ్య, మిట్టమధ్యాహ్నమే. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. తలుపులు బార్లా తీసి పావుగంట కూర్చుంటే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. నెల్లూరు ఆటోనగర్‌కు తీసుకెళ్తే, రేకుల షెడ్డు నీడలో గంటసేపు ఆన్ చేసి ఉంచినా కుక్కిన పేనులా నడుస్తూనే ఉంటుంది.

మైపాడు వైపు చెరువులకు మేత, మందులు వేసే బండి అది. సీటు కింద ఇంజన్, పెట్రోల్ ఇంజెక్షన్, ఇరవై ఏళ్లు దాటిన వయసు. మొదట ప్లగ్గులు మార్చారు, నాలుగు రోజులు తిరిగింది. తర్వాత ఫిల్టర్ మార్చారు, వారం తిరిగింది. ఆపైన ట్యాంకులోని పెట్రోల్ పంపునే మార్చారు, పన్నెండు రోజులు తిరిగింది. ‘‘ఏందబ్బయ్యా, మళ్లీ ఆగిందే’’ అని బాబాయి ఫోన్ చేసిన రోజు నేను మెకానిక్‌ను తప్పు పట్టలేకపోయాను. ఇలాంటి జబ్బు ఎవరినైనా మోసం చేస్తుంది. దినం విడిచి దినం వచ్చే చలిజ్వరం మధ్య రోజున తగ్గినట్టే ఉంటుంది. ఆ రోజు ఏ కషాయం తాగితే దానికే పేరు వస్తుంది.

దీనికో లెక్క ఉంది. బండి సగటున పది ట్రిప్పులకు ఒకసారి ఆగుతోందనుకుందాం. మనం ఏమీ బాగుచేయకపోయినా, వరసగా పది ట్రిప్పులు ఆగకుండా తిరిగే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది. అది దాదాపు 35 శాతం. అంటే ‘పది ట్రిప్పులు బాగా తిరిగింది’ అన్న మాటకు సాక్ష్యంగా విలువ చాలా తక్కువ. ఈ అవకాశం 5 శాతం కంటే కిందికి దిగాలంటే దాదాపు 30 ట్రిప్పులు పడుతుంది. ప్లగ్గులకు, ఫిల్టర్‌కు, పంపుకు మేం అంత గడువు ఇవ్వనే లేదు.

కార్బురేటర్ బండ్లలో ఈ తంటా ఇంత ఉండదు. పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రంలో (జెట్‌లో) నలుసు పడితే విప్పి ఊదొచ్చు, కంటికి కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను బాష్ కంపెనీ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600తో పెద్ద ఎత్తున రోడ్డెక్కించింది. మన దేశంలో 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిశాక మామూలు బండ్లకూ వచ్చింది. ఇందులో పెట్రోల్ ఎంత పోయాలో ఈసీఎం, అంటే ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, నిర్ణయిస్తుంది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకునేది కొన్ని మిల్లీసెకన్లే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌కు ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. ఎక్కడో ఒక వైరు 50 మిల్లీసెకన్లు వదిలేసినా రెండున్నర చుట్ల పెట్రోల్ గల్లంతై బండి కుదుపుతుంది. చేతిలోని మల్టీమీటర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, దానికి ఆ సంగతే తెలియదు.

అందుకని పార్టులు మార్చడం ఆపించి, బాబాయి చేత నోటుబుక్కు పెట్టించాను. ఎప్పుడు ఆగింది, ట్యాంకులో పెట్రోల్ ఎంత, ఎండా మబ్బా, అంతకుముందు బండి ఎక్కడ నిలబడింది. పదకొండుసార్లు ఆగాక వరస కనిపించింది. ఒక్కటీ పొద్దున జరగలేదు. పెట్రోల్‌తో సంబంధం లేదు. ప్రతిసారీ దానికి ముందు, బండి అద్దాలు మూసి చెరువుగట్టు మీద ఎండలో కనీసం అరగంట నిలబడింది.

వేడి వల్లే అనిపించింది. కానీ ఏ వేడి? ఒక పెళ్లికి తెల్లవారుజామున ఇదే బండిలో ఒంగోలు వెళ్లాం, 120 కిలోమీటర్ల దాకా ఏకబిగిన. ఇంజన్ బాగా కాగింది, బండి మాత్రం ఆగలేదు. ఇంజన్ వేడి తప్పు కాదన్నమాట. బయట 42 డిగ్రీలుంటే మూసిన వ్యాన్ లోపల 60 దాటుతుంది. కాబట్టి దోషం క్యాబిన్ లోపలే, డాష్‌బోర్డు దగ్గర ఉండాలి. వైరింగ్ మ్యాప్ అక్కర్లేకుండా నోటుబుక్కే అక్కడిదాకా చేర్చింది.

ఇక బండి ఆగిన క్షణాన్నే పట్టుకోవాలి. తాళం ఆన్ చేయగానే ఈసీఎం పంపును రెండు మూడు సెకన్లు తిప్పుతుంది, వెనక జుయ్‌మని వినిపిస్తుంది. బండి మళ్లీ ఆగిన ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు రాలేదు. పంపు మార్చిన రోజు కూడా ఇలాగే రాలేదట. అప్పుడు పంపు వైరు కనెక్టర్ ఊడదీసి మీటర్ పెడితే 12 వోల్టులు చూపించిందని, కరెంటు వస్తోంది కాబట్టి పంపే పోయిందని తేల్చారు. అక్కడే పొరపాటు జరిగింది. మీటర్ కరెంటును దాదాపు తాగదు. దారిలో ఎక్కడైనా వెయ్యి ఓమ్‌ల అడ్డు ఉన్నా అది 12 అనే చూపిస్తుంది. ఈసారి మీటర్ బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించాం. వెలగాలంటే దానికి ఒకటిముక్కాలు ఆంపియర్ కావాలి. తాళం తిప్పితే ఫిలమెంట్ ఎర్రబడను కూడా లేదు. (బల్బు ముందే తగిలించి, ఆ తర్వాతే తాళం తిప్పాలి. పెట్రోల్ వాసన వస్తుంటే ఆ పని అసలు పెట్టుకోకూడదు.)

ఈసీఎం చెప్పగానే పంపుకు కరెంటు కలిపే స్విచ్చు, డాష్‌బోర్డు కింది రిలే. దాన్ని పీకి, సాకెట్‌లో రెండు రంధ్రాలను ఫ్యూజు ఉన్న వైరుముక్కతో కలిపాం. పంపు జుయ్‌మంది. అంటే వైరూ, ఎర్తూ, పంపూ అన్నీ మంచివే, మిగిలింది రిలే ఒక్కటే.

రిలే మూత తీసి భూతద్దంలో చూశాను. లోపల చిన్న సర్క్యూట్ బోర్డు. ఒక పిన్ను చుట్టూ, దాన్ని బోర్డుకు అతికే సోల్డర్ మీద ఉంగరంలా సన్నటి నల్లగీత. బోర్డు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే, అయితే వేడికి అది రాగి పిన్ను కంటే ఎక్కువ సాగుతుంది. 40 డిగ్రీలు పెరిగితే ఆ తేడా రెండు మూడు మైక్రాన్లు, తలవెంట్రుక మందంలో పాతికో వంతు. ఏళ్ల తరబడి రోజూ ఆ కాస్త లాగుడుకు సోల్డర్ అలిసి పగిలింది. చల్లగా ఉన్నప్పుడు రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకుని కరెంటు పోనిస్తాయి. కాగితే విడిపోతాయి. ఆటోనగర్ నీడలో అవి ఎప్పుడూ ఆనుకునే ఉన్నాయి.

సోల్డర్ వేయకముందే ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో రిలేను కాగబెట్టాను. పిన్నుకు తగిలించిన బల్బు ఆరిపోయింది, చల్లారాక వెలిగింది. మళ్లీ కాగబెడితే మళ్లీ ఆరింది. పాత సోల్డర్ తీసేసి కొత్తది పోశాక అంతే వేడి పెట్టినా ఆరలేదు.

అయినా పని అయిపోయిందని బాబాయిని అననివ్వలేదు. ఎండలో నిలబడిన ట్రిప్పులే లెక్క, మబ్బు పట్టిన రోజులు లెక్కలోకి రావు అన్నాను. ఆగకుండా తిరిగిన ముప్పయ్యో ట్రిప్పుకు నోటుబుక్కులో గీత రోహిణి కార్తెలో, మైపాడు నుంచి తిరిగొస్తూ గీశాడు.